టోపీ తీయని మనిషి

“వీడు నా కొడుకు కాదు.”

లెంపీ కార్వోనెన్ ఆ మాట అరిచి చెప్పలేదు. మూతబడ్డ మంగలి షాపులో, తోలు చిరిగిన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఉన్న ఫోటో మీద వేలు ఆనించి, పాలు విరిగాయని చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. డిటెక్టివ్ గ్రెటా మాట్సన్‌కి ఆ నెమ్మదే గుచ్చుకుంది. ఏడ్చే తల్లిని ఎలాగోలా ఓదార్చవచ్చు. నెమ్మదిగా మాట్లాడే తల్లి ఎదుట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

లెంపీ షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేయడం పోర్ట్ ఆల్డెన్‌లో కొత్త సంగతేమీ కాదు. సరస్సు మీద మంచు కమ్మితే చేస్తుంది. గాలి ఎక్కువైతే చేస్తుంది. కొడుకు ఆర్నీ పనిచేసే ‘ఈడిత్ బ్రామ్‌వెల్’ సరుకు బోటు ఒక పూట ఆలస్యమైతే చేస్తుంది. ఆమె పేరు వినగానే ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఈ ఉదయమూ నవ్వారు. గ్రెటా మాత్రం కోటు వేసుకుని లేచింది. ఆమె కూతురు ఆనిక అంబులెన్స్ నడుపుతుంది. డ్యూటీ దిగి ‘వచ్చేశానమ్మా’ అని మెసేజ్ పెట్టేదాకా గ్రెటాకి గొంతులో ముద్ద దిగదు. లోకంలో అందరికీ ముందు మంచి తోస్తుంది, తర్వాత చెడు. గ్రెటాకి అంతా తలకిందులు. అలాంటి మనిషి లెంపీని చూసి ఏం నవ్వుతుంది?

“ఎలా చెప్తున్నావక్కా?” అంది పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని. “బోటు ఆర్నీదే, చోటు ఆర్నీదే, నారింజ టోపీ ఆర్నీదే. మొహం టోపీ నీడలో ఉంది. చెయ్యి కూడా ఊపుతున్నాడుగా?”

“టోపీ ఉంది. అదేనమ్మా నేను చెప్పేది. ఆ గోడ చూడు.”

గ్రెటా లేచి చూసింది. వెండెల్ ప్రూ మంగలి పని మానేసి చాలాకాలమైనా షాపు ఖాళీ చేయలేదు. కత్తెరలుండే అరల్లో ఇప్పుడు కెమెరా లెన్సులున్నాయి. అద్దాల చుట్టూ, తలుపు మీదా, ఎక్కడ చూసినా బోట్ల ఫోటోలే. కాలవ దాటి రేవులోకి వచ్చే, పోయే ఏ బోటునూ ఆయన వదలడు. అయితే ఊళ్ళో ఎవరి పిల్లలైనా ఆ బోటులో పనిచేస్తుంటే, రెండో ఫోటో ఒకటి తీస్తాడు. బోటు ఫోటో తనకి, మనిషి ఫోటో వాళ్ళమ్మకి. అది ఆయన పెట్టుకున్న పద్ధతి.

మధ్య అద్దం చుట్టూ ఉన్నవన్నీ ఆర్నీవి. ప్రతిసారీ అదే చోట, అదే క్షణంలో తీసినవి. బోటు వెనక భాగం గట్టు చివరి దీపస్తంభం దాటుతుంటుంది. ఆర్నీ కమ్మీ దగ్గర నిలబడి ఒక చెయ్యి పైకెత్తి ఉంటాడు. రెండో చేత్తో నారింజ టోపీని గుండెకి ఆనించి పట్టుకుని ఉంటాడు. వానలోనూ అంతే, మంచులోనూ అంతే, ప్రతి దాంట్లోనూ తల మీద ఏమీ లేదు.

“ఆ దీపం దగ్గరే వాళ్ళ నాన్న చేపల పడవ తిరగబడింది,” అంది లెంపీ. “బోటు ఎక్కిన మొదటి రోజు నుంచీ వాడు అక్కడ టోపీ తీస్తాడు. చెయ్యి నాకు. టోపీ వాళ్ళ నాన్నకి.”

గ్రెటా మళ్ళీ ఆమె ఒళ్ళోని ఫోటో చూసింది. నిన్న మధ్యాహ్నం ఈడిత్ బ్రామ్‌వెల్ ఇనుప ఖనిజం నింపుకుని బయటికి వెళ్తుండగా తీసింది. అదే దీపం. అదే కమ్మీ. చెయ్యి లేచింది. టోపీ మాత్రం తల మీదే ఉంది.

ఆమె వెండెల్ కోసం చూసింది.

వెండెల్ అటు తిరిగి కాఫీ పోస్తున్నాడు. చాలాసేపటి నుంచి పోస్తున్నాడు.

“కప్పు నిండి పొర్లుతోంది వెండెల్ గారూ,” అంది గ్రెటా. “ఇలా తిరగండి. మీరు కెమెరాలోంచి చూశారు కదా? ఆవిడకంటే ముందు మీరే చూశారు.”

“పొద్దున్నే ఎందుకమ్మా ఈ ప్రశ్నలు...”

“చూశారా, లేదా?”

ముసలాయన కెటిల్ కింద పెట్టాడు. “చిన్నప్పటి నుంచీ వాడికి జుట్టు కత్తిరించినవాణ్ణి. ఆ మెడ వాడిది కాదని నాకు తెలియదా?”

“తెలిసి కూడా ఇది ఆర్నీ ఫోటో అని తెచ్చి ఆమె చేతిలో పెట్టారా?”

“ఆవిడ సంగతి నీకు తెలుసుగా. ఫోటో ఇవ్వకపోతే ఆ క్షణం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. వాడు ఏ వంటగదిలోనో పనిలో ఉండి ఉంటాడు, ఎవడో స్నేహితుడు సరదాకి టోపీ పెట్టుకుని ఉంటాడు అనుకున్నా. ఈ ఒక్కసారికీ ఆవిడని ప్రశాంతంగా నిద్రపోనిద్దామని...” మాట పూర్తి చేయలేక తువ్వాలుతో బల్ల మీద కాఫీ తుడవడం మొదలుపెట్టాడు.

“నేను నిద్రపోలేదు వెండెల్,” అంది లెంపీ. కోపంగా కాదు.

తలుపు గంట మోగింది. లోవెల్ డ్రెషర్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు గ్రెటా పక్క బల్ల మీద కూర్చుని పనిచేసిన డిటెక్టివ్. ఇప్పుడు బ్రామ్‌వెల్ కంపెనీ డాక్‌కి భద్రతాధికారి. జీతం పెరిగింది, కోటు మారింది, ఎగతాళి మాత్రం అదే.

“నువ్వు ఇక్కడున్నావని చెప్పారు గ్రెటా. నువ్వు అడుగుపెట్టావంటే ఎవరో పోయారనే లెక్క. ఈసారి ఎవరు?”

“ఎవరూ పోలేదు. పోకూడదనే వచ్చా. ఆర్నీ కార్వోనెన్ బోటు మీద ఉన్నాడా?”

“ఉన్నాడు. పొద్దున్న మీ ఆఫీసుకి అదే చెప్పాను. అందరూ ఎక్కారని కెప్టెన్ నాతో అన్నాడు. అయినా లెంపీ గారూ, మీరు ఏడాదికి ఎన్నిసార్లు మీ అబ్బాయిని ముంచేస్తారండీ?” అంటూ బల్ల మీద ఆమె తెచ్చిన ఏలకుల రొట్టె ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

“తిను బాబూ,” అంది లెంపీ. “తిని, వాడికి ఒకసారి ఫోన్ కలిపిపెట్టు.”

“నిద్రపోతున్నాడట.”

“అడగకముందే ఎలా తెలిసింది?” అంది గ్రెటా.

లోవెల్ నమలడం ఆపాడు.

“బోటుకి ఫోన్ చెయ్యి లోవెల్. పేరు చెప్పకు. నిన్న కాలవ దగ్గర నారింజ టోపీ పెట్టుకుని చెయ్యి ఊపినవాణ్ణి పిలవమను. అంతే.”

“నీ పిచ్చి కోసం నడిసరస్సులో కెప్టెన్‌ని...”

“చెయ్యి. లేదా కోర్టు కాగితం పట్టుకుని, సరస్సు అవతల బోట్లు ఒక్కొక్కటిగా దాటాల్సిన సూ లాకుల దగ్గర మీ బోటుని నేనే ఆపుతాను. అక్కడ వెనక ఎన్ని బోట్లు వరసలో నిలబడతాయో నాకంటే నీకే బాగా తెలుసు.”

లోవెల్ ఫోన్ తీశాడు. కెప్టెన్‌తో నవ్వుతూనే మాట్లాడాడు, క్షమించమన్నాడు, ఇక్కడ ఒక తల్లి కంగారు పడుతోందన్నాడు. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా స్పీకర్ నొక్కాడు. గరగర. ఎవరివో అడుగులు. ఆ తర్వాత ఒక కుర్రగొంతు సన్నగా దగ్గింది.

“హలో?”

“ఎవరు మాట్లాడేది?” అంది గ్రెటా.

అవతల మళ్ళీ దగ్గు.

లెంపీ కుర్చీలోంచి ముందుకు వంగింది. “రే! నువ్వేనా బాబూ? పోయిన నెల మా ఇంట్లో చేపల సూపు తాగుతూ ఇలాగే దగ్గావు. తేనె వేసుకోమన్నాను, వేసుకున్నావా?”

“ఆంటీ...” అన్నాడు ఆర్నీతో బోటు మీద పనిచేసే రే లాప్రెయిరీ. ఆ ఒక్క పిలుపుతో వాడి గొంతు చిట్లిపోయింది. “ఆంటీ, వాడు మీ దగ్గరికి రాలేదా?”

వెండెల్ తువ్వాలు పక్కన పెట్టేసి ఫోన్ దగ్గరికి వచ్చాడు.

“ఏడవకు. నేను డిటెక్టివ్ మాట్సన్‌ని,” అంది గ్రెటా. “నిన్ను ఏమీ అనను. మొదటినుంచీ చెప్పు. ఆ టోపీ నీ దగ్గరికి ఎలా వచ్చింది?”

“డాక్ మీదికి హెల్మెట్‌తోనే దిగాలి మేడమ్. వాడి టోపీ మంచం మీద ఉంది. వాడే ఎప్పుడో చెప్పాడు. ‘కాలవ దాటే వేళకి నేను పైన లేకపోతే నా టోపీ పెట్టుకుని చెయ్యి ఊపరా, లేకపోతే మా అమ్మ కోస్ట్‌గార్డ్‌నంతా లేపి కూర్చోబెడుతుంది’ అని. అందుకే ఊపాను. టోపీ తీయాలని నాకు తెలీదు.”

“నిన్న ఆర్నీ ఎక్కడ?”

“తాళ్ళు విప్పడానికి ఇద్దరం డాక్ మీదికి దిగాం. నేను ముందు గుంజ దగ్గర, వాడు చివరి గుంజ దగ్గర. ఖనిజం దుమ్ము కళ్ళు తెరవనివ్వలేదు. నేను నిచ్చెన ఎక్కేశాను. వాడూ నా వెనకే ఎక్కాడనుకున్నా. తిరిగి చూస్తే లేడు. అప్పటికే బోటు కదిలింది.”

“మరి కెప్టెన్‌కి చెప్పలేదా?”

“బోటు తప్పిపోయాడని తెలిస్తే వాడి ఉద్యోగం పోతుంది మేడమ్! అందుకే ‘ఎక్కాడు, కింద ఉన్నాడు’ అని చెప్పాను. మాలో ఎవరు బోటు తప్పిపోయినా చేసేది ఒకటే. కారేసుకుని సూ లాకుల దాకా తరుముకొస్తారు, అక్కడ చడీచప్పుడు లేకుండా ఎక్కేస్తారు. నేనూ ఒకసారి అలాగే వచ్చి ఎక్కాను. వాడి ట్రక్కు డాక్ దగ్గరే ఉంది కదా, దారిలో ఉండి ఉంటాడనుకున్నా. ఫోన్ కూడా మంచం మీదే వదిలేశాడు, లేకపోతే...”

“ట్రక్కు కదల్లేదు రే,” అంది గ్రెటా. “వస్తూ చూశాను. అద్దం నిండా మంచు పేరుకుని ఉంది.”

లోవెల్ ఫోన్ అందుకుని కెప్టెన్‌తో ఏదో గొణిగి కట్టేశాడు. ఇప్పుడతని మొహంలో ఎగతాళి లేదు.

గ్రెటా కళ్ళు మూసుకుంది. ఒకడు స్నేహితుడి కోసం అబద్ధమాడాడు. ఒకాయన తల్లి కోసం నోరు మూసుకున్నాడు. ఇద్దరిలో ఒక్కడూ చెడ్డవాడు కాదు. కానీ ఆర్నీ చెయ్యి ఊపుతూ వెళ్ళడం ఊరంతా చూసింది కాబట్టి, రాత్రంతా వాడి కోసం వెతికిన మనిషి ఒక్కడూ లేడు. రాత్రి నీళ్ళ బక్కెట్టు మీద గాజులా మంచు పట్టింది.

“వెండెల్ గారూ, మీరు కాలవ దగ్గరే కాదు, డాక్ దగ్గర కూడా ఫోటోలు తీస్తారుగా?”

“కొండ మీంచి తీస్తాను. బోటు వచ్చినప్పుడొకటి, వెళ్ళేటప్పుడొకటి.” ఆయన అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బొమ్మలు వెంటనే దొరికాయి.

మొదటిది బోటు రేవులోకి వస్తుండగా తీసింది. కొండ మీంచి చూస్తే డాక్ అంతా బొమ్మల కొలువులో పెట్టిన సామానులా ఉంది. బోటు పక్కనుంచి వేలాడే చిన్న చెక్క పీట మీద కూర్చుని ఒక మనిషి డాక్ మీదికి దిగుతున్నాడు. తాళ్ళు కట్టేవాళ్ళు దిగేది అలాగే. “వాడే,” అంది లెంపీ. “కాళ్ళు ఊపుతున్నాడు చూడు. ఊపొద్దని ఎన్నిసార్లు చెప్పాను!”

రెండోది బోటు డాక్ వదిలిన కొంతసేపటికి తీసింది. దుమ్ము పలచబడింది. డాక్ ఖాళీగా ఉంది.

“రెంటినీ పక్కపక్కన పెట్టండి. బోటు వద్దు. నీళ్ళకి ఆనుకుని ఉన్న చెక్క నడవ చూపించండి. చివరి గుంజ దగ్గర. ఇంకొంచెం పెద్దది చేయండి.”

మొదటి బొమ్మలో బూడిదరంగు పలకలు గుంజ చుట్టూ ఎక్కడా తెగకుండా ఉన్నాయి. రెండో బొమ్మలో గుంజ పక్కనే నలుచదరపు మచ్చ ఒకటి నల్లగా ఉంది.

“నీడేమో,” అన్నాడు వెండెల్.

“నీడైతే గుంజది కూడా అటే పడాలి. అది రెండో వైపు పడింది,” అంది గ్రెటా.

లెంపీ తెర దగ్గరికి మొహం పెట్టింది. “పన్ను ఊడినట్టుంది,” అంది.

లోవెల్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. “ఆ పలకలు మార్చాలని వసంతంలోనే...” అని ఆగిపోయాడు. మిగతాది అనాల్సిన అవసరం లేకపోయింది.

*

డాక్ దిగువ నడవకి ఇనుప గేటు ఉంది. గేటుకి తాళం ఉంది. నిన్న బోటు వెళ్ళగానే, అందరూ ఎక్కేశారన్న ధైర్యంతో, లోవెల్ మనుషులే వేశారు. తాళంచెవి లోవెల్ చేతిలో ఉంది. గేటు మాత్రం తెరవడం లేదు.

“తియ్యి,” అంది గ్రెటా.

“ఇప్పుడు కుదరదు. ‘శామ్యూల్ గ్రైమ్స్’ కాలవలోకి వచ్చేసింది. నేరుగా ఇక్కడికే. బోటు ఆనుకునే సమయంలో కింద మనుషులు ఉండకూడదు. అది మా రూలు కాదు, ప్రాణాల కోసం పెట్టిన రూలు. బోటు కట్టేశాక నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.”

“బోటు ఆనుకుంటే ఆ పలకల కింద ఏమవుతుంది?”

లోవెల్ తాళంచెవిని పిడికిట్లో బిగించాడు.

“నువ్వు చెప్పలేవులే. దుంగలు నలుగుతాయి. నీళ్ళు ఎగదన్నుతాయి. బోటు ఆపించు లోవెల్.”

“వెయ్యి అడుగుల బోటు గ్రెటా! చెయ్యి అడ్డం పెడితే ఆగే టాక్సీ కాదు. ఈ గాలిలో కాలవ లోపల ఆపమంటే అది గట్టుకి కొట్టుకోవచ్చు. దేన్ని చూపించి ఆపమంటావు? ఫోటోలో ఒక నల్లమచ్చని చూపించా? నీ మాట తప్పయితే?”

“తప్పయితే నన్ను జీవితాంతం ఎగతాళి చేసుకో. ఇప్పటిదాకా చేసింది అదేగా. ఒప్పయితే ఏం చేస్తావు?”

అతను గేటు కమ్మీ పట్టుకుని పొగమంచులోకి చూశాడు. “వాడు ఆ కన్నంలోనే పడ్డాడని ఏంటి నమ్మకం? పడితే అరిచేవాడు. ఇక్కడ పొద్దున్న నుంచీ కాపలా మనిషి ఉన్నాడు. ఏమీ వినపడలేదన్నాడు.”

“బాబూ,” అంది లెంపీ. ఆమె కూడా వాళ్ళ వెనకే డాక్ దాకా వచ్చింది. “నువ్వు బోటు ఆపొద్దు. నీ మాటలు ఆపు. కాస్త.”

అప్పుడే పొగమంచులోంచి శామ్యూల్ గ్రైమ్స్ కాలవ మీది వంతెనకి కూతతో నమస్కారం చెప్పింది. మూడు పొడుగు కూతలు, రెండు పొట్టివి. కాళ్ళ కింద నేల అదిరింది. వంతెన మీది మనిషి అదే లెక్కలో జవాబిచ్చాడు. మూడు పొడుగు, రెండు పొట్టి. ఆ ప్రతిధ్వని కొండని తాకి, తిరిగొచ్చి, సన్నగిల్లి ఆగిపోయింది. నీళ్ళు దుంగలకి తగిలే చప్పుడొక్కటే మిగిలింది.

ఆ తర్వాత, కింద ఎక్కడి నుంచో, మూడో జవాబు వచ్చింది.

ఈల. లైఫ్‌జాకెట్‌కి వేలాడే ప్లాస్టిక్ ఈల. ఊపిరి లేనివాడు ఊదినట్టు తెగుతూ, అతుకుతూ వచ్చింది. పొడుగు. పొడుగు. చాలాసేపు ఏమీ లేదు. పొడుగు. తర్వాత రెండు పొట్టివి.

లెంపీ గేటుకి ఆనుకుంది. “చిన్నప్పుడు ఇంతే. కిటికీలోంచి ప్రతి బోటుకీ ఈల వేసి జవాబివ్వాల్సిందే. చెవులు పగిలిపోయేవి.” ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. “చూశావా, వీడి బుద్ధి? రాత్రంతా అమ్మని పిలిచినా పిలవకపోయినా, బోటుకి మాత్రం మర్యాద తప్పడు.”

లోవెల్ చేతిలో తాళంచెవి రెండుసార్లు జారింది. మూడోసారి గేటు తెరుచుకుంది. అతను రేడియో నోటి దగ్గర పెట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు. “గ్రైమ్స్, గ్రైమ్స్! డాక్‌కి రావద్దు! నడవ కింద మనిషి ఉన్నాడు! లంగరు వేయండి, ఇప్పుడే!”

గ్రెటా అప్పటికే పరిగెడుతోంది. పరిగెడుతూనే కూతురికి ఫోన్ చేసింది.

“అమ్మా, మళ్ళీ ఏమైంది?” అంది ఆనిక విసుగ్గా.

“ఈసారి నిజంగానే అయింది. బ్రామ్‌వెల్ డాక్, దిగువ నడవ. దుప్పట్లన్నీ తీసుకురా తల్లీ.”

అవతల ఇంకో ప్రశ్న రాలేదు. ఇంజన్ చప్పుడు మాత్రం వినిపించింది.

చివరి గుంజ పక్కన పలక విరిగి లోపలికి వాలి ఉంది. గ్రెటా బోర్లా పడుకుని టార్చి వేసింది. కింద రెండు దుంగల మధ్య, మోకాళ్ళ దాకా నీళ్ళలో, నారింజ లైఫ్‌జాకెట్. ఒక కాలు దుంగల సందులో ఇరుక్కుని ఉంది. హెల్మెట్ ఊడిపోయి తల మీద ఏమీ లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి, వాటి మధ్య ఇంకా ఈల ఉంది.

పొగమంచులో లంగరు గొలుసు గరగరమంటూ దిగుతోంది. బోటు ముక్కు నల్లటి గోడలా పైకి తేలింది. దాని ముందు నీళ్ళు ఎత్తుగా ముడుచుకుని ఇటే వస్తున్నాయి. బోటు ఆగినా ఆ అల ఆగదు. గ్రెటా నడుము దాకా కన్నంలోకి దిగబడి, చెయ్యి చాచి, లైఫ్‌జాకెట్ పట్టీని మణికట్టుకి చుట్టుకుంది. వెనక లోవెల్ ఆమె రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

“ఆర్నీ! షెరీఫ్ ఆఫీసు. నేను గ్రెటాని. అల వస్తోంది, ఊపిరి బిగబట్టు!”

ఈల పెదవుల మీంచి జారింది. వాడు అతికష్టం మీద కళ్ళు తెరిచాడు.

“మేడమ్,” అన్నాడు. గొంతు చెక్క గీసినట్టుంది. “మా అమ్మకి మాత్రం చెప్పకండి. భయపడుతుంది.”

గ్రెటా పక్కన పలకల మీద ఇంకో ఒళ్ళు బోర్లా వాలింది. ముసలి చెయ్యి ఒకటి కన్నంలోకి దిగి, తడిసిన జుట్టుని వెతుక్కుని, దొరకబుచ్చుకుని, నెత్తి మీద ఆగింది.

“ఎవరూ చెప్పలేదులేరా,” అంది లెంపీ. “దారిన పోతూ ఊరికే వచ్చా. నాకేం భయం?”

ఆ మాట అంటూనే ఆమె రెండో చేత్తో గ్రెటా భుజాన్ని పట్టుకుంది. కోటు మీంచి కూడా గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది. అప్పుడు అల వచ్చింది.